పుట్టింట్లో పేరు తీసేశారు, అత్తింట్లో చేర్చలేదు: మాలాంటి వాళ్లకి ఏ పథకం వర్తిస్తుంది?

మహేంద్రతనయ_ఒడ్డు
నాది ఆంధ్రాలో పాతపట్నం. మూడేళ్ల కింద పెళ్లయి ఒడిశాలోని పర్లాకిమిడి వచ్చాను. మధ్యలో మహేంద్రతనయ నది తప్ప ఇంకేం లేదు. అమ్మ పులుసు పెట్టి పంపిస్తే గిన్నె ఇంకా వేడిగానే ఉంటుంది. కాగితాల్లో మాత్రం నేను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వచ్చినదాన్ని.

పెళ్లయ్యాక పాతపట్నం రేషన్ కార్డులోంచి నా పేరు తీయించాం. ఇక్కడ మా అత్తగారి కార్డులో చేర్చమని దరఖాస్తు పెట్టి రెండేళ్లయింది. అడిగిన ప్రతిసారీ "ఖాళీ లేదు, ఖాళీ వస్తే చేరుస్తాం" అంటున్నారు. పాప పుట్టి ఏడాదిన్నర. దాని పేరూ లేదు. ఇక్కడ ఆడవాళ్లకి ఏడాదికి పదివేలు ఇచ్చే సుభద్ర యోజనకి ఆదాయం సర్టిఫికెట్ పెట్టి 2024 చివర్లోనే దరఖాస్తు చేశాను. డబ్బు వేసే రాఖీ పున్నమి వెళ్లిపోయింది, నాకు ఒక్క రూపాయి రాలేదు.

ఆయన మోటారు మెకానిక్ షెడ్డులో చేస్తారు, నెలకి 13 వేలు. అద్దె 3,500. పాలు 1,500. బియ్యం, పప్పు, నూనె కలిపి నాలుగు వేలు దాటుతోంది. గ్యాస్ బండ ఖర్చు వేరే. పాపకి జ్వరం వస్తే ఆ నెల కిరాణా కొట్టులో అప్పే. మా అక్క నదికి అవతలే ఉంది. అక్కడ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు బండలు ఉచితం. వాళ్ల అత్తగారికి నెలకి 4,000 పెన్షన్. ఇద్దరు పిల్లలకీ తల్లికి వందనం 13 వేల చొప్పున పడింది. మా అత్తగారికి ఇక్కడ మధుబాబు పెన్షన్ 1,000.

అక్కని చూసి కుళ్లుకోవడం లేదు, దానికి వచ్చినందుకు సంతోషమే. నేను ఎవరి లెక్కలో ఉన్నానో చెప్పండి చాలు. ముందు ఏ కాగితం సరిచేసుకోవాలి? ఇలాంటి ఇళ్లు ఇంకా ఎన్ని ఉన్నాయి?

గుణుపురం_కిరాణా
చాలా ఉన్నాయమ్మా. నా కొట్టు అరువు పుస్తకంలోనే నాలుగు ఉన్నాయి. అందరూ పార్వతీపురం, కురుపాం వైపు నుంచి వచ్చిన కోడళ్లే.

ఇచ్ఛాపురం_బావ
చెల్లెమ్మా, దీనికి ఇంత టెన్షన్ ఎందుకు? ఆధార్ అడ్రస్ మళ్లీ పాతపట్నానికి మార్చేసుకో. అమ్మగారి కార్డులో పేరు ఎక్కించు. ఉండటం ఎక్కడున్నా ఎవరికి తెలుస్తుంది?

రాయగడ_సింధు
దయచేసి అలా చేయొద్దు అక్కా. నేను మో సేవా కేంద్రంలో (మీసేవ లాంటిది) పనిచేస్తాను, ఇలాంటి కేసులు రోజూ చూస్తాను. ఒక ఆధార్ నంబరు ఒక్క కార్డులోనే ఉంటుంది. అడ్రస్ ఆంధ్రాకి మార్చిన రోజే సుభద్రకి ఒడిశా నివాసి అనే ఆధారం పోతుంది. అక్కడ ఇంటింటి సర్వేలో నువ్వు లేవని తేలితే అదీ పోతుంది. మా దగ్గరికి అలా రెండు వైపులా పోగొట్టుకుని వచ్చినామె ఉంది. ఏడుస్తూ కూర్చుంది.

ఇచ్ఛాపురం_బావ
సరే తల్లీ, నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. మా ఊళ్లో చాలామంది చేస్తారని చెప్పాను.

జయపురం_మాస్టారు
ఖాళీ లేదని ఎందుకంటారో అర్థం చేసుకోవాలి. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చింది. పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం మందికి అని దేశం మొత్తానికి లెక్క కట్టి, రాష్ట్రానికి ఇంతమంది అని పై హద్దు పెట్టారు. ఆ లెక్కకి ఆధారం 2011 జనాభా లెక్కలు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. అంటే ఈ పాప, ఈ కోడలు, ఇలాంటి వాళ్లంతా పుట్టకముందు, పెళ్లికాకముందు వేసిన లెక్కలో చోటు వెతుక్కోవాలి. పాత పేర్లు పోతేనే కొత్త పేరు ఎక్కుతుంది. ఆఫీసులో కూర్చున్న గుమాస్తాని తిట్టి లాభం లేదు. హద్దు పైన ఉంది.

నాగావళి_72
మాస్టారు గారు చెప్పింది నిజమే కాని గుమాస్తాలని పూర్తిగా వదిలేయకండి. చనిపోయినవాళ్ల పేర్లు ఏళ్ల తరబడి కార్డుల్లో ఉంటాయి. అవి తీస్తే ఖాళీలు అవే వస్తాయి. మా వీధిలో ఒకాయన పోయి నాలుగేళ్లయింది. ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూడటం) పెట్టాక గాని ఆయన పేరు పోలేదు.

రాయగడ_సింధు
ఇంకో దారి కూడా ఉంది. కేంద్రం లెక్కలో చోటు లేనివాళ్లకి ఒడిశా ప్రభుత్వం 2018లో సొంతంగా రాష్ట్ర ఆహార భద్రతా పథకం పెట్టింది. దరఖాస్తులో ఏ పథకం కింద పెట్టారో చూడండి అక్కా. రసీదు ఉందా?

మహేంద్రతనయ_ఒడ్డు
రసీదు ఉంది కాని అంతా ఒడియాలో ఉంది. నాకు మాట్లాడటం వచ్చింది, చదవడం రాదు. ఆయనకి చదవడం వచ్చు, సాయంత్రం చూపిస్తాను.

బరంపురం_పెద్దబజారు
అన్నీ రేషన్ కార్డుకే ముడిపెట్టారు, అసలు బాధ అక్కడే. బియ్యం ఒక్కటే అయితే ఎలాగో కొనుక్కుంటాం. 2025 ఏప్రిల్‌లో ఇక్కడ ఆయుష్మాన్ భారత్‌ని గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. వైద్యానికి కుటుంబానికి ఐదు లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకి ఇంకో ఐదు లక్షలు. దాని జాబితా కూడా రేషన్ కార్డు నుంచే తీస్తారు. కార్డులో కోడలి పేరు లేకపోతే ఆ ఇంట్లో అందరికీ వైద్యం ఉంటుంది, ఆమెకి ఉండదు.

మా తమ్ముడి భార్యకి అదే జరిగింది. సోంపేట అమ్మాయి. కాన్పు కష్టమై విశాఖలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆరోగ్యశ్రీ కార్డు ఉందా అన్నారు, పుట్టింటి కార్డులో పేరు తీసేశారు కదా, లేదు. ఒడిశా కార్డు ఉందా అన్నారు, ఇంకా చేర్చలేదు. ఒక లక్షా నలభై వేలు. మెళ్లో పుస్తెల తాడు తప్ప మిగతా బంగారం తాకట్టుకి పోయింది. ఈ రోజుకీ వడ్డీ కడుతున్నాం. నెల సరుకులు పది రూపాయలు పెరిగాయా తగ్గాయా అని మనం మాట్లాడుకుంటాం. ఇల్లు మునిగేది మాత్రం ఇలాంటి ఒక్క రోజులోనే.

గుణుపురం_కిరాణా
చదువుతుంటే గుండె పట్టేసింది అన్నయ్యా. బిడ్డ, తల్లి బాగున్నారా?

బరంపురం_పెద్దబజారు
బాగున్నారు. పిల్లాడికి రెండో ఏడు. ఇల్లంతా పీకి పందిరేస్తున్నాడు.

సిరొంచ_బిడ్డ
నేను ఒడిశా కాదు, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఈ బాధ మాదీ. మా ఊళ్లో సగం ఇళ్లల్లో కోడళ్లు గోదావరి అవతల కాళేశ్వరం, మహదేవపూర్ వైపు నుంచే వస్తారు. పూర్వం పడవలో పెళ్లివారు దిగేవాళ్లు. ఇప్పుడు వంతెన ఉంది.

మా దగ్గర 2024 జులై నుంచి లాడ్కీ బహిణ్ పథకం కింద ఆడవాళ్లకి నెలకి 1,500 ఇస్తున్నారు. మొదట నివాస ధ్రువపత్రం అడిగితే మా ఆవిడలాంటి వాళ్లంతా ఆగిపోయారు. పుట్టింది తెలంగాణ, చదివింది తెలంగాణ. తర్వాత ఆ జీవోలోనే మార్పు చేశారు: వేరే రాష్ట్రంలో పుట్టి మహారాష్ట్ర మనిషిని పెళ్లి చేసుకున్న ఆమెకి భర్త పుట్టిన సర్టిఫికెట్ గాని, బడి వదిలిన సర్టిఫికెట్ గాని, నివాస పత్రం గాని చాలు. ఆ ఒక్క వాక్యంతో మా వాడలో పదిహేను మందికి దారి దొరికింది. ఒడిశాలో కూడా రేషన్ కార్డుకి, ఆరోగ్య కార్డుకి అలాంటి వాక్యం ఒకటి రాయమని అడగండి. పైసా ఖర్చు లేని పని.

జయపురం_మాస్టారు
ఇది చాలా విలువైన మాట. మనం అడిగేటప్పుడు ఇలాంటిదే అడగాలి. "మాకూ నాలుగు వేలు ఇవ్వండి" అని అడిగితే బడ్జెట్ అంటారు. "పెళ్లయి వచ్చిన ఆమెకి భర్త కాగితం సరిపోతుందని రాయండి" అంటే ఏ సాకు చెప్తారు?

నాగావళి_72
నాలుగు వేలు కూడా అడగాలి మాస్టారూ. ఎందుకు అడగకూడదు? నాకు 72. మధుబాబు పెన్షన్ 500 ఉండేది, 2024లో 1,000 చేశారు. ఎనభై దాటితే 3,500 ఇస్తామన్నారు. అంటే ఇంకా ఎనిమిదేళ్లు. పార్వతీపురంలో మా బావమరిదికి ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటికి తెచ్చి నాలుగు వేలు చేతిలో పెడతారు. నేను పదిహేనో తారీఖున పంచాయితీ దగ్గర వరసలో నిలబడతాను. బీపీ, షుగర్ మందులు కొనాల్సి వస్తే నా వెయ్యిలో ముప్పాతిక భాగం వాటికే.

రాయగడ_సింధు
తాతగారూ, మందులకి డబ్బు పెట్టకండి. నిరామయ పథకం కింద సర్కారు ఆస్పత్రిలో బీపీ, షుగర్ మాత్రలు ఉచితం. అక్కడ లేవంటే జన ఔషధి దుకాణంలో అదే మందు చాలా తక్కువకి దొరుకుతుంది. చీటీలో కంపెనీ పేరు బదులు మందు పేరు రాయమని డాక్టర్ గారిని అడగండి.

నాగావళి_72
ఆస్పత్రికి వెళ్లి రావడానికి ఆటో 80. నెలకి ఒకసారి ముప్ఫై రోజుల మాత్రలు ఇమ్మంటే వారానికే ఇస్తున్నారు. అయినా ఈసారి అడుగుతానమ్మా. చల్లగా ఉండు.

కాశీనగరం_రైతు
అందరూ అవతలి ఒడ్డే బాగుందంటున్నారు, నేను ఒప్పుకోను. నాకు వంశధార పక్కన మూడెకరాలు. 2024-25 ఖరీఫ్‌లో కేంద్రం మద్దతు ధర క్వింటాలుకి 2,300. దాని మీద ఒడిశా ప్రభుత్వం 800 కలిపింది. మొత్తం 3,100. అవతల మా వియ్యంకుడికి 2,300 దగ్గరే ఆగిపోయింది. నలభై క్వింటాళ్ల మీద 32 వేలు తేడా. ఇది చిన్న సొమ్ము కాదు. ఆయన "బావా, నా ధాన్యం కూడా నీ పేరు మీద అమ్మిపెట్టు" అని అడిగితే, అది కుదరదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాను, తప్పలేదు.

ఇచ్ఛాపురం_బావ
అది నిజం. పెట్రోలు కూడా అంతే. మా వైపు లీటరుకి ఏడు రూపాయలు అటూ ఇటూ ఎక్కువ. అందుకే మేమంతా బండి ట్యాంకు నింపడానికి సరిహద్దు దాటి మీ బంకుకే వస్తాం. బండి కూడా ఒడియా నేర్చుకుంది.

గుణుపురం_కిరాణా
రైతన్నా, 3,100 అంటున్నావు, చేతికి ఎంత వచ్చింది? కట్నీ-ఛట్నీ, అదే మండీలో తూకం దగ్గర కోసే సంగతి చెప్పు.

కాశీనగరం_రైతు
దాచను. మండీలో తేమ ఎక్కువుందని, తాలు ఉందని క్వింటాలుకి ఐదారు కిలోలు కోశారు. ఒప్పుకోకపోతే బస్తాలు వెనక్కి తీసుకెళ్లమన్నారు. టోకెన్ గడువు రెండు రోజుల్లో అయిపోతుంది, ట్రాక్టరు అద్దె రోజుకి రెండు వేలు. ఒప్పుకున్నాను. అలా పోగా కూడా అవతలి కంటే మెరుగే. కాని ఆ కోత లేకుండా ఉంటే మా పెద్దదాని కాలేజీ ఫీజు కట్టేవాణ్ణి. 800 ఇచ్చిన చెయ్యి, తూకం దగ్గర కూడా ఒక మనిషిని పెట్టాలి.

జయపురం_మాస్టారు
రైతుకి ధర, వృద్ధులకి పెన్షన్, ఆడవాళ్లకి నగదు, అన్నీ సరే. భూమి లేని కూలీ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి ఆంధ్రాలో 307, తెలంగాణలో 307, మహారాష్ట్రలో 312, ఒడిశాలో 273. ఒకే కొండకి అటు ఒక చెరువు తవ్వితే 307, ఇటు తవ్వితే 273. పప్పు ధర మాత్రం రెండు వైపులా ఒకటే. కోరాపుట్, రాయగడ జిల్లాల నుంచి పిల్లల్ని చంకనేసుకుని ఇటుక బట్టీలకి వెళ్లేవాళ్లని బస్టాండులో చూస్తూ ఉంటాను. నా క్లాసులో జనవరి వచ్చేసరికి ఏడెనిమిది మంది పిల్లలు కనపడరు. కూలి పెంచకుండా ఎన్ని పథకాలు పెట్టినా ఆ బెంచీలు ఖాళీగానే ఉంటాయి.

గుణుపురం_కిరాణా
మాస్టారితో సగం ఒప్పుకుంటాను. కూలి పెరగాలి. కాని నగదు పథకాలని తక్కువ చేయొద్దు. నా కొట్టుకి వచ్చేవాళ్లని ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. సుభద్ర డబ్బు పడిన వారం ఆడవాళ్లే స్వయంగా వచ్చి అరువు తీరుస్తారు. అంతకు ముందు మగాళ్లు వచ్చి "వచ్చే నెల" అని వెళ్లేవాళ్లు. ఒకామె కుట్టుమిషను కొనుక్కుని ఇప్పుడు జాకెట్లు కుడుతోంది, నాకు అరువే లేదు. నా అభ్యంతరం ఒకటే. ఏడాదికి పదివేలు రెండు విడతలుగా, రాఖీ పున్నమికి ఐదు, మార్చి 8న ఐదు. మధ్యలో ఐదు నుంచి ఏడు నెలలు ఇల్లు ఎలా నడవాలి? సిరొంచ తమ్ముడు చెప్పినట్టు నెల నెలా వస్తే ఆ ఇల్లు అప్పు చేయదు. అప్పు చేయకపోతే వడ్డీ ఉండదు.

సిరొంచ_బిడ్డ
నెల నెలా అన్నమాటే గాని మాకు కొన్నిసార్లు రెండు నెలలది కలిపి వేస్తారు అన్నా. 2025లో ఈకేవైసీ అన్నారు. మా మండలంలో నెట్ రాదు, ఓటీపీ రాదు. మా అమ్మ ఫోను పట్టుకుని గోదారి గట్టు ఎక్కి నిలబడింది.

ధర్మాబాద్_మిరప
నాందేడ్ జిల్లా ధర్మాబాద్ నుంచి. మా వైపు ఊళ్ల సర్పంచులు 2019లో హైదరాబాద్ వెళ్లి "తెలంగాణ పథకాలు మాకూ ఇవ్వండి, లేకపోతే మమ్మల్ని తెలంగాణలో కలపండి" అని అడిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. రైతుబంధు, రైతుబీమా చూసి అడిగారు. గట్టుకి అటు పొలానికి పెట్టుబడి డబ్బు, ఇటు పొలానికి లేదు. తర్వాత మా ప్రభుత్వం పీఎం కిసాన్ ఆరువేలకి తోడు ఇంకో ఆరువేలు కలిపింది, 7.5 హెచ్‌పీ దాకా పంపు కరెంటు బిల్లు తీసేసింది. అడగబట్టే వచ్చాయని మా పెద్దవాళ్లు గట్టిగా నమ్ముతారు. సరిహద్దులో ఉన్నవాళ్లకి పోల్చి చూడటం ఒక బలం. మీరు కూడా రాసి ఇవ్వండి.

ఇచ్ఛాపురం_బావ
ధర్మాబాద్ మిరప అంటే ఘాటు ఉండాల్సిందే!

బరంపురం_పెద్దబజారు
కోటియా వాళ్లదే అదృష్టం అని మా ఆఫీసులో అంటుంటారు. రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయట కదా?

జయపురం_మాస్టారు
అదృష్టం అనకండి. కోటియాలో 21 ఊళ్ల మీద రెండు రాష్ట్రాలకీ తగాదా. 1968లో సుప్రీం కోర్టుకి వెళ్లిన వ్యవహారం. ఇటు పొట్టంగి బ్లాకు, అటు సాలూరు మండలం. ఇద్దరూ పథకాలు ఇస్తారు, నిజమే. ఇద్దరూ బోర్డులు పెడతారు. కాని ఆ కొండల మీద నుంచి నెలలు నిండిన మనిషిని దించి ఆస్పత్రికి చేర్చడం ఎంత కష్టమో నేను వెళ్లి చూశాను. నాతో చదువు చెప్పిన ఒక స్నేహితుడు అక్కడ ఆరేళ్లు పనిచేశాడు. రెండు కార్డులున్న పిల్లలకి ఒక్క సరైన హాస్టల్ కోసం తిరిగాడు.

మహేంద్రతనయ_ఒడ్డు
అందరికీ దణ్ణం. ఇంతమంది రాస్తారనుకోలేదు. ఒక మాట చెప్తాను. మా అక్క స్త్రీశక్తి బస్సులో టెక్కలి దాకా టికెట్ లేకుండా వెళ్తుంది. నన్ను చూడటానికి నది దాటే బస్సెక్కితే టికెట్ కొంటుంది, అంతర్రాష్ట్ర సర్వీసుకి వర్తించదంట. నేను పుట్టింటికి వెళ్లి అక్కడ పల్లెవెలుగు ఎక్కినా, ఆధార్ ఒడిశాది కాబట్టి నాకు టికెట్. మా అమ్మ "నువ్వు మా ఊరి పిల్లవి కాదని కండక్టరు చెప్తున్నాడే" అని బాధపడింది.

రసీదు ఆయనకి చూపించాను. రాష్ట్ర పథకం కాదు, కేంద్రం దానికే పెట్టామట. ఇంకో సంగతి. నా పేరు ఒడియాలో తప్పు పడింది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, దరఖాస్తులో చివర ఉంది, అది కూడా మా ఆయన ఇంటిపేరు.

సిరొంచ_బిడ్డ
తెలంగాణ బస్సులో మా ఆవిడ అక్క వస్తే సరిహద్దు దాకా ఉచితం, అక్కడి నుంచి టికెట్ కొడతారు. వంతెన మొదట్లో కండక్టరు లేచి నిలబడితే అందరికీ తెలుసు. ఇటు మా మహారాష్ట్ర ఆర్టీసీ (ఎస్టీ) బస్సులో ఆడవాళ్లకి 2023 నుంచి సగం టికెట్. అన్ని రాష్ట్రాలూ కూర్చుని, సరిహద్దు దాటి ఇరవై ముప్ఫై కిలోమీటర్ల దాకా చెల్లేలా చేస్తే ఆడపిల్లలు పుట్టింటికి ఇంకాస్త తరచుగా వెళ్తారు.

రాయగడ_సింధు
అక్కా, దొరికింది! పేరు తేడాయే అసలు కారణం కావచ్చు. ఇది మన తెలుగువాళ్లకి ఒడిశాలో రోజూ వచ్చే చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ పొడి అక్షరంలో. ఒడియావాళ్లు చివర రాస్తారు. టైపు చేసే పిల్లాడు తనకి అలవాటైన వరసలో కొడతాడు. పెళ్లయ్యాక ఒక చోట పుట్టింటి ఇంటిపేరు, ఒక చోట అత్తింటిది. కంప్యూటరుకి అవి ఇద్దరు మనుషులు. మా కేంద్రానికి వచ్చే పది తెలుగు దరఖాస్తుల్లో నాలుగైదు ఇక్కడే ఆగుతాయి. కార్డు తిరస్కరించారని ఎవరూ చెప్పరు, ఊరికే పెండింగ్ అని చూపిస్తుంది. వాళ్లేమో ఖాళీ లేదంటారు.

సుభద్ర విషయంలో ఇంకొకటి చూడు. డబ్బు నువ్వు రాసిచ్చిన ఖాతాలో పడదు. ఆధార్‌తో ఏ బ్యాంకు ఖాతా కలిపి ఉందో దాంట్లో పడుతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది. ఓటీపీ కొట్టి చూడు, బ్యాంకు పేరు వస్తుంది.

నాగావళి_72
ఈ పిల్ల మా రాయగడది అని గర్వంగా చెప్పుకుంటాను.

గుణుపురం_కిరాణా
ధరల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి వెళ్తాను. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గింది కదా. ఒంటి సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె, షాంపూ 5 శాతానికి వచ్చాయి. పెద్ద ప్యాకెట్ల ధర తగ్గింది, నేను కొత్త ధరకే ఇస్తున్నాను. కాని పేదవాళ్లు కొనేది ఐదు రూపాయల, పది రూపాయల పొట్లాలు. వాటి ధర అదే, లోపల గ్రాములు కాస్త పెరిగాయి. "తగ్గిందన్నారు, ఏది?" అని నన్ను అడుగుతారు. పప్పు, బియ్యం విడిగా కొనేవాళ్లకి ముందు నుంచే పన్ను లేదు కాబట్టి అక్కడ తగ్గేదేమీ లేదు. తమిళనాడులో రేషన్ షాపులో కందిపప్పు 30 రూపాయలకి, పామాయిల్ 25కి ఇస్తారు. అలాంటిది మా కొట్టుకి గిరాకీ తగ్గించినా సరే, ఇక్కడ రావాలని కోరుకుంటాను. మా అమ్మ కూడా రేషన్ వరసలో నిలబడి మమ్మల్ని పెంచింది.

కాశీనగరం_రైతు
కొట్టు పెట్టుకున్న మనిషి ఈ మాట అన్నాడంటే నా టోపీ తీస్తాను... టోపీ లేదు, తలపాగా తీస్తాను.

జయపురం_మాస్టారు
నగదు గురించి నేను కొంచెం తొందరపడ్డాను. కుట్టుమిషను సంగతి విన్నాక నా మాట సవరించుకుంటున్నాను. కూలి, నగదు రెండూ కావాలి. కాని మన రేషన్‌లో వచ్చే ఉప్పుడు బియ్యం చాలా తెలుగు ఇళ్లల్లో అన్నానికి వాడరు. ఇడ్లీకి కొంత ఉంచుకుని మిగిలింది తక్కువకి అమ్మేసి, పచ్చి బియ్యం ఎక్కువకి కొంటారు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం మనిషికి ఆరు కిలోలు ఇస్తున్నారు. తినే బియ్యం ఇస్తే ఇంట్లోనే వండుకుంటారు. ఈ ఒక్క మార్పుతో మా వీధిలో నెలకి ఏడెనిమిది వందలు మిగిలే ఇళ్లు ఉన్నాయి.

బరంపురం_పెద్దబజారు
మా ఇంట్లో ఉప్పుడు బియ్యమే తింటాం మాస్టారూ, పఖాళకి (చద్దన్నానికి) అదే బాగుంటుంది. ఎవరికి ఏది కావాలో అడిగి ఇస్తే సరి.

మహేంద్రతనయ_ఒడ్డు
సింధూ, నీ నోటికి పంచదార పోయాలి.

స్టేటస్ చూశాను. పాతపట్నంలో నేను డిగ్రీ చదివేటప్పుడు స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా వచ్చింది! ఆ ఖాతా ఉందనే మర్చిపోయాను. మెసేజ్‌లు నా పాత నంబరుకి వెళ్తున్నాయి, ఆ సిమ్ ఎప్పుడో పోయింది. నిన్న నది దాటి వెళ్లి పాస్‌బుక్ కొట్టించాను. సుభద్ర రెండు విడతలూ అందులోనే పడి ఉన్నాయి. కనీస నిల్వ లేదని బ్యాంకు కొంత కోసుకుంది, 9,410 మిగిలింది. బ్యాంకు మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. పక్కనే ఉన్న మా అమ్మ, ఏం పోయిందోనని కంగారు పడింది.

ఇన్నాళ్లూ పాపకి పాలు సగం నీళ్లు కలిపి పట్టాను. ఈ డబ్బు నాదే, ఏడాదిగా నది అవతల ఉంది.

గుణుపురం_కిరాణా
అమ్మా, ముందు పాలు.

బరంపురం_పెద్దబజారు
మా మరదలి ఖాతా కూడా ఈ రాత్రే చూస్తాను. ఆమెదీ సోంపేట బ్యాంకు.

రాయగడ_సింధు
చాలా సంతోషం అక్కా. ఇక రేషన్ సంగతి. ఈ కాగితాలు సిద్ధం చేసుకో: పాతపట్నం సచివాలయం నుంచి పేరు తొలగించినట్టు పత్రం, పెళ్లి రిజిస్ట్రేషన్, పాప పుట్టిన సర్టిఫికెట్, మీ ఇద్దరి ఆధార్. వాటికంటే ముందు ఆధార్‌లో పేరు సరిచేయించు. ఇంటిపేరు ఎటువైపు పెట్టినా సరే, అన్నిట్లో ఒకేలా ఉండాలి. పాపకి బాల ఆధార్ తీయించు, దానికి వేలిముద్రలు అక్కర్లేదు. తర్వాత రాష్ట్ర పథకం కింద కూడా పెట్టు. రసీదు ఫొటో తీసి ఇక్కడ పెట్టు, నంబర్లు చెరిపేసి. నేను చదివి చెప్తాను.

మహేంద్రతనయ_ఒడ్డు
పెళ్లి రిజిస్టర్ చేయించలేదు సింధూ. గుళ్లో అయింది.

రాయగడ_సింధు
ఇప్పుడైనా చేయించుకోవచ్చు. పెళ్లి పత్రిక ఉందా? లేకపోతే పెళ్లి ఫొటో, ఇద్దరు సాక్షులు.

మహేంద్రతనయ_ఒడ్డు
పత్రిక మా అమ్మ బీరువాలో ఉంది. రేపు తెస్తాను. సాక్షిగా అక్క వస్తానంది, బస్సు టికెట్ కొనుక్కుని మరీ.